డాబా మీద నీళ్లు ఎందుకు నిలుస్తాయి? వాటం, తూము, బరువుల లెక్క

వాన వెలిసి రెండు రోజులైనా డాబా మీద ఓ మూల నీళ్లు మెరుస్తూనే ఉంటే చాలామందికి ముందుగా తట్టే మాట "వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి". కోటింగ్ వేయిస్తారు. తరవాతి వానకు నీళ్లు మళ్లీ అక్కడే నిలుస్తాయి, ఈసారి కొత్త రంగు మీద. డబ్బు తీసుకుని మోసం చేశారని గొడవ మొదలవుతుంది. నిజానికి ఆ కోటింగ్ తన పని తాను చేస్తూనే ఉండొచ్చు. నీటిని కిందికి దిగనివ్వకపోవడం వరకే దాని పని. నీటిని అక్కణ్నుంచి కదిలించేది వాటం, బయటికి పంపేది తూము. ఈ మూడింటినీ కలిపేసి ఒకే సమస్యగా చూడడం వల్లే ఒక జబ్బుకు మరో మందు పడుతుంటుంది.

కారడం వేరు, నిలవడం వేరు

చక్కటి వాటం ఉన్న డాబా కూడా పైపు చుట్టూ సందు ఉంటే కారుతుంది. వారం రోజులు నీళ్లు నిలిచే డాబా కింద గది పొడిగా ఉండొచ్చు. ఈ తేడా బాగా తెలిసేది వాటర్‌ప్రూఫింగ్ చేశాక జరిపే నీటి పరీక్షలో. తూములు మూసేసి, 25 నుంచి 50 మి.మీ. లోతున నీళ్లు కట్టి, 24 నుంచి 72 గంటలు అలాగే ఉంచి, కింద చెమ్మ కనిపించిందా అని చూస్తారు. అంటే ఇక్కడ నీళ్లను కావాలనే నిలబెడుతున్నారు. ఇందులో పాసైన డాబా కారదని తెలుస్తుంది. దానికి వాటం సరిగ్గా ఉందో లేదో మాత్రం ఈ పరీక్ష చెప్పదు. అది తెలియాలంటే తూములు తెరిచాక ఎక్కడ ఎంత నీరు మిగిలిందో చూడాలి. అప్పటికి అందరూ కిందికి దిగిపోయి ఉంటారు.

నిలిచిన నీటి వల్ల కారడం ఎక్కువవుతుందన్న మాట మాత్రం నిజమే. నీటి ఒత్తిడి వల్ల అనుకుంటారు గానీ, 20 మి.మీ. లోతు నీటి ఒత్తిడి లెక్కలోకి వచ్చేది కాదు. అసలు కారణం సమయం. సూదిమొనంత రంధ్రం వాలులో ఉంటే వాన కురిసినంతసేపూ, ఆ తరవాత కాసేపూ తడుస్తుంది. అదే రంధ్రం గుంటలో ఉంటే రోజుల తరబడి నానుతుంది. చిన్న లోపాన్ని పెద్ద మరకగా మార్చేది ఆ అదనపు రోజులే.

ఎన్ని గంటలుంటే నిలవ నీరు?

వాన ఆగిన వెంటనే డాబా మీద అక్కడక్కడా నీళ్లు కనిపించడం తప్పు కాదు. రూఫింగ్ రంగంలో, ముఖ్యంగా అమెరికాలో, స్థిరపడ్డ కొలత 48 గంటలు. వాన ఆగాక, ఆరడానికి అనువైన వాతావరణంలో 48 గంటలు దాటినా మిగిలి ఉంటే దాన్ని నిలవ నీరుగా లెక్కిస్తారు.

"ఆరడానికి అనువైన వాతావరణంలో" అన్న షరతును చాలామంది వదిలేస్తారు. ఎండ, గాలి బాగా ఉన్న రోజున తెరిచి ఉన్న నీరు సుమారు 5 మి.మీ. ఆవిరవుతుంది. మబ్బు పట్టి, గాలిలో తేమ నిండి ఉంటే 1 లేదా 2 మి.మీ. కూడా కష్టమే. 8 మి.మీ. లోతు గుంట మంచి ఎండలో రెండు రోజుల్లో మాయమై పరీక్షలో పాసవుతుంది. అదే గుంట ముసురు రోజుల్లో వారమైనా ఆరదు. గుంట మారలేదు, ఆకాశం మారింది. అందుకే గంటల లెక్కతో పాటు లోతును కూడా కొలిచి చెబితేనే ఇద్దరు మనుషుల మధ్య మాట కుదురుతుంది. నీళ్లు ఆరిపోయాక వచ్చి చూసే ఇంజినీరుకు కూడా ఒక ఆధారం మిగిలే ఉంటుంది. గుంట అంచు వెంబడి మట్టి, నాచు కట్టిన గీత. ఆ గీత ఎక్కడుందో నీటిమట్టం అక్కడిదాకా వచ్చినట్టే.

దోమల లెక్క దీనికి కాస్త వేరు. డెంగీని మోసే ఏడిస్ దోమ వెచ్చటి వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు తీసుకుంటుంది. రెండో రోజుకో మూడో రోజుకో ఆరిపోయే గుంటలో దాని పని పూర్తవదు. కానీ ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉండగలవు. మళ్లీ నీళ్లు చేరితే పొదుగుతాయి. రోజు విడిచి రోజు వాన పడుతూ గుంట ఆరకుండా ఉండే కాలంలోనే అసలు ప్రమాదం.

వాటం ఎంత ఉండాలన్న చోట మాటలు ఎందుకు కలవవు

వాటాన్ని నిష్పత్తిగా చెబుతారు. 1:100 అంటే 100 సెంటీమీటర్లు నడిస్తే 1 సెంటీమీటరు దిగుతుంది. 1:80 అంటే మీటరుకు 12.5 మి.మీ., 1:40 అంటే మీటరుకు 25 మి.మీ. అమెరికాలో కొత్త కప్పులకు సాధారణంగా అడుగుకు పావు అంగుళం, అంటే 1:48 అడుగుతారు. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 6229 మాట ఇంకాస్త ఆసక్తికరం. పని పూర్తయ్యాక కనీసం 1:80 మిగలాలి, అది మిగలాలంటే డ్రాయింగులో 1:40 పెట్టుకోండి అంటుంది. కాగితం మీద ఉన్న వాటంలో సగం పనిలో పోతుందని ముందే ఒప్పుకుంటున్నారన్నమాట.

అంత ఎందుకు పోతుంది? ఓ మీటరు వెడల్పున, మధ్యలో 10 మి.మీ. లోతు ఉన్న పల్లం ఊహించుకోండి. తాపీ కాస్త గట్టిగా పడితే వచ్చేంత పల్లమే. దాని నట్టనడుమ నుంచి అవతలి అంచుకు అర మీటరు. ఆ అర మీటరులో ఉపరితలం 10 మి.మీ. పైకి లేస్తుంది, అంటే మీటరుకు 20 మి.మీ. ఎదురువాలు. డాబా మొత్తానికి 1:100 వాటం ఉంటే ఆ అర మీటరులో అది 5 మి.మీ. మాత్రమే కిందికి లాగుతుంది. మిగిలిన 5 మి.మీ. లోతున నీళ్లు ఆగుతాయి. 1:80 అయితే సుమారు 4 మి.మీ. ఆగుతాయి. 1:40 అయితే అర మీటరుకు 12.5 మి.మీ. కిందికి దిగుతుంది కాబట్టి అదే పల్లంలో ఒక్క చుక్కా నిలవదు. వాటం ఎక్కువగా పెట్టేది నీళ్లు తొందరగా పోవడానికని అనుకుంటాం. అసలు లాభం వేరే ఉంది, చేతిపనిలో వచ్చే చిన్నచిన్న తప్పులను అది కడుపులో పెట్టుకుంటుంది.

మూలల దగ్గర ఇంకో చిక్కు. రెండు వైపుల నుంచి 1:80 వాటంతో వచ్చి ఓ మూల తూము దగ్గర కలిసే డాబాలో, ఆ రెండు వాలులూ కలిసే ఏటవాలు గీత ఒకటి ఉంటుంది. నీళ్లన్నీ చివరికి ఆ గీత వెంటే నడుస్తాయి. కానీ ఆ గీత పక్క దారులకంటే పొడవు, దిగే ఎత్తేమో అంతే. లెక్క వేస్తే దాని వాటం 1:113 దగ్గర తేలుతుంది. ఎక్కువ నీళ్లు నడిచే దారికే తక్కువ వాటం దక్కుతోంది. డ్రాయింగులో 1:80 అని రాసి ఉన్నా మూలలో నీళ్లు నిలవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. రసమట్టాన్ని గోడకు సమాంతరంగా పెట్టి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది, ఏటవాలుగా పెడితే తెలుస్తుంది.

కట్టిన రోజున లేని గుంట తరవాత ఎలా వస్తుంది

స్లాబు కదలని బండ అనిపిస్తుంది గానీ, అది వంగుతుంది. తన బరువుకే కొంత వంగుతుంది. ఆపైన కాంక్రీటు ఏళ్ల తరబడి ఒత్తిడిలో ఉండి మెల్లగా ఇంకొంత సాగుతుంది. ఇది లోపం కాదు, కాంక్రీటు స్వభావం. భారతీయ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 మొత్తం వంపును స్పాన్‌లో, అంటే స్లాబును మోసే గోడల మధ్య దూరంలో, 250వ వంతు వరకు అనుమతిస్తుంది. 5 మీటర్ల స్లాబుకు అది 20 మి.మీ.

ఇప్పుడు లెక్క చూద్దాం. 5 మీటర్ల స్లాబు, ఒక గోడ వైపు నుంచి ఇంకో గోడ వైపుకు 1:100 వాటం, తూము చివరి గోడ దగ్గర. మొత్తం దిగుడు 50 మి.మీ. ఫినిషింగ్ వేశాక ఏళ్లు గడిచి స్లాబు మధ్యలో 20 మి.మీ. వంగిందనుకుందాం. వంపు గోడ దగ్గర ఎక్కువ ఏటవాలుగా ఉంటుంది, అక్కడ మీటరుకు 16 మి.మీ. చొప్పున పైకి లేస్తుంది. మనం ఇచ్చిన వాటం మీటరుకు 10 మి.మీ. మాత్రమే కిందికి దింపుతుంది. తేడా 6 మి.మీ. తూముకు ఎదురే. అంటే తూము దగ్గరికొచ్చేసరికి నేల ఎత్తెక్కుతోంది. అన్నిటికంటే పల్లం చోటు తూముకు దాదాపు ఒక మీటరు ఇవతలికి జరిగిపోయింది. అక్కడ రెండు మీటర్లకు కాస్త తక్కువ వెడల్పున, 3 మి.మీ. లోతున నీటి పట్టీ ఏర్పడుతుంది.

3 మి.మీ. పెద్ద విషయం కాదనిపించొచ్చు, నిజానికి కాదు కూడా. ఎండ ఉంటే ఒక్క రోజులో ఆరుతుంది. అదే వాటం 1:60 అయి ఉంటే ఆ పట్టీ కూడా ఉండేది కాదు. అసలు ఇబ్బంది ఏమిటంటే తూములు ఎప్పుడూ గోడల దగ్గర, స్తంభాల పక్కన పెడతాం, ఎందుకంటే పైపు దింపడానికి అక్కడే వీలు. కానీ భవనంలో వంగని చోట్లు కూడా అవే. స్లాబు మధ్య భాగం ఏటేటా కొంచెం కిందికి పోతుంటే తూము మాత్రం తన ఎత్తులో తాను ఉండిపోతుంది. ఇనుప దూలాల మీద పల్చటి రేకులు వేసిన పెద్ద కప్పుల్లో ఇది మరీ ఎక్కువ. అక్కడ నీటి బరువుకే కప్పు ఇంకొంచెం వంగుతుంది, వంగిన చోట ఇంకొన్ని నీళ్లు చేరతాయి, ఆ నీటికి ఇంకా వంగుతుంది. కప్పు తగినంత గట్టిగా ఉంటే ఈ చక్రం ఒకచోట ఆగుతుంది. లేకపోతే ఆగదు. ఇంజినీర్లు ఈ లెక్కను విడిగా చేసేది అందుకే.

పైపు కాదు, పైపు నోరు

"పైపు చిన్నదైంది, పెద్దది వేయించాలి" అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఎక్కువసార్లు ఇరుకు పైపులో ఉండదు, నోటి దగ్గర ఉంటుంది.

100 చదరపు మీటర్ల డాబా, గంటకు 100 మి.మీ. చొప్పున దంచికొట్టే వాన అనుకోండి. ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. నీరు అంటే సరిగ్గా 1 లీటరు. కాబట్టి గంటకు 10,000 లీటర్లు, సెకనుకు సుమారు 2.8 లీటర్లు. నిలువుగా దిగే 100 మి.మీ. పైపుకు ఇది పెద్ద పనే కాదు. కానీ నీళ్లు పైపులోకి దూకాలంటే ముందు దాని అంచు మీద కొంత లోతున నిలవాలి. నేలలోకి తెరుచుకున్న 100 మి.మీ. నోటి చుట్టుకొలత 314 మి.మీ. అంత అంచు మీదుగా సెకనుకు 2.8 లీటర్లు పడాలంటే అక్కడ సుమారు 30 మి.మీ. లోతు కావాలి. జాలీకి ఆకులు పట్టి సగం అంచు మూసుకుపోతే ఆ లోతు దాదాపు 50 మి.మీ.కు చేరుతుంది.

అదే తూమును నేలలో కాకుండా పిట్టగోడలోంచి పక్కకు తీస్తే? 100 మి.మీ. వెడల్పున్న చదరపు తూము తీసుకుందాం. ఇప్పుడు నీళ్లు ఒక్క వైపు నుంచే లోపలికి వెళ్లగలవు. అంచు 314 నుంచి 100 మి.మీ.కు తగ్గింది. అదే వాన పోవాలంటే తూము దగ్గర సుమారు 65 మి.మీ. నీళ్లు నిలవాలి. గుండ్రటి పైపును గోడలో అడ్డంగా పెడితే ఇంకా ఎక్కువే కావాలి. రెండు ఇళ్లలోనూ "నాలుగంగుళాల తూము" అనే చెబుతారు, పని మాత్రం ఒకటి కాదు.

ఇవన్నీ వాన కురుస్తున్నప్పటి సంగతులు. వాన ఆగాక నిలిచిపోయే నీటికి తూము దగ్గర కారణం ఇంకా మామూలుది. నోరు చుట్టూ ఉన్న నేలకంటే ఎత్తులో ఉండడం. కట్టినప్పుడు సరిగ్గానే ఉంటుంది. తరవాత దాని చుట్టూ కోటింగ్ పొరలు, పలకలు, సిమెంటు మెత్తుతూ పోతారు. లేదా పైపు మార్చినప్పుడు కొత్త పైపును 10 మి.మీ. పైకి వదిలేస్తారు. ఆ 10 మి.మీ. నీళ్లు ఇక ఎప్పటికీ దిగవు. అందుకే తెలిసిన మేస్త్రీలు తూము చుట్టూ ఓ గిన్నె ఆకారంలో కొంచెం లోతు చేసి వదులుతారు. ముందుముందు పడే పొరలకు అది చోటిస్తుంది.

వాటానికి అడ్డంగా పెట్టిన సామాను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏసీ యూనిట్ దిమ్మ, ట్యాంకు గోడ, సోలార్ ప్యానెల్ స్టాండు పునాది, ఏదైనా సరే వాలుకు అడ్డంగా ఉంటే దాని ఎగువన నీళ్లు ఆగుతాయి. ఎగువ వైపు చిన్న త్రికోణపు గట్టు కట్టి నీటిని రెండు పక్కలకు చీల్చితే పోతుంది.

నీటి బరువు: భయపడాల్సింది దేనికి?

నిలిచిన నీటి బరువుకు స్లాబు కూలుతుందా అని అడిగేవాళ్లుంటారు. రెండు సందర్భాలను విడదీసి చూడాలి.

మొదటిది రోజూ చూసే గుంట. 20 చదరపు మీటర్ల మేర, సగటున 10 మి.మీ. లోతు. మొత్తం 200 కిలోలు, చదరపు మీటరుకు 10 కిలోలు. మనుషులు తిరిగే డాబా మీద చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారం రావచ్చన్న లెక్కతో స్లాబును డిజైన్ చేయమని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. దాని ముందు ఈ గుంట ఎంత? సరిగ్గా కట్టిన కాంక్రీటు స్లాబుకు దీని బరువుతో ప్రమాదం లేదు.

రెండోది, తూము పూర్తిగా మూసుకుపోయి, చుట్టూ పిట్టగోడ ఉన్న డాబా మీద పెద్ద వాన. 10 మీటర్లకు 10 మీటర్ల డాబా, 150 మి.మీ. వాన. డాబా తొట్టి అయిపోయింది. 15 టన్నుల నీరు, సగటున చదరపు మీటరుకు 150 కిలోలు. డిజైన్‌లో పెట్టుకున్న భారం మొత్తం నీటికే సరిపోయింది. ఇక్కడ వాటం కూడా ఎదురు తిరుగుతుంది. 1:80 వాటం ఉన్న డాబాలో ఎగువ కంటే దిగువ 125 మి.మీ. పల్లం కాబట్టి, ఎగువ చివర 87 మి.మీ., తూము వైపు 212 మి.మీ. లోతు ఉంటుంది. అంటే దిగువన చదరపు మీటరుకు 212 కిలోలు. నీళ్లు పోవడానికి పెట్టిన వాలు, పోయే దారి మూసుకున్నప్పుడు బరువునంతా ఒక్క వైపుకు తోస్తుంది.

దీనికి విరుగుడు పొంగు తూము. అసలు తూము కంటే 50 మి.మీ. ఎత్తున పిట్టగోడలో పెట్టే రెండో దారి. అసలు తూము మూసుకుపోయినా నీరు 50 మి.మీ. లేవగానే ఇక్కణ్నుంచి బయటికి పోవడం మొదలవుతుంది. ఇదే డాబాలో 1:80 వాటం మీద 50 మి.మీ. లోతు నీరు తూము నుంచి 4 మీటర్ల వరకు త్రికోణంలా పరుచుకుంటుంది, మొత్తం ఒక టన్ను. వాన కురుస్తుంటే పొంగు తూము మీద ఇంకొంత లోతు పెరుగుతుంది, అయినా 15 టన్నులెక్కడ! పైగా ఎప్పుడూ నీళ్లు రాని చోట ధార పడుతుంటే కింద నడిచేవాళ్లకు కనిపిస్తుంది, పైకి వెళ్లి జాలీ తీసి చూస్తారు. గోడలో ఓ చిన్న కన్నానికి ఇంతకంటే పెద్ద ఉద్యోగం ఉండదు.

కోటింగుల మీద వాదాలు

నీళ్లు నిలిచినా తట్టుకునే కోటింగ్ ఉంటే వాటంతో పనేముంది అన్న వాదన ఒకటుంది. ఇందులో సగం నిజం ఉంది. అన్ని పూతలూ ఒకటి కావు. నీటితో కలిపి వేసే అక్రిలిక్ పూతలు ఎండను బాగా తట్టుకుంటాయి, వేడిని తిప్పికొడతాయి, కానీ రోజుల తరబడి నానితే మెత్తబడి ఊడతాయి. సిలికోన్ పూతలకు నిలిచిన నీటితో పెద్దగా పేచీ లేదు. కాకపోతే వాటి మీద దుమ్ము బాగా పడుతుంది, తడిస్తే జారతాయి, తరవాత వాటి మీద సిలికోన్ తప్ప మరో పూత అంటుకోవడం కష్టం. తారు షీట్ల మీద గుంట పదేపదే నిండి ఎండుతుంటే, అడుగున పేరుకున్న బురద ఆరి ముడుచుకుంటూ పైపొరను కూడా లాగి పగుళ్లు తెస్తుంది. చాలా కంపెనీల వారంటీ కాగితాల్లో నిలవ నీటి వల్ల వచ్చే నష్టాన్ని మినహాయింపుల్లో రాస్తారు. కొనేముందు చదవాల్సిన భాగం అదే.

కాంక్రీటు సంగతి వేరేగా చూడాలి. కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఇనుప కడ్డీని తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ గుణాన్ని పైనుంచి లోపలికి తినేస్తూ వస్తుంది. ఆ దశ కడ్డీ దాకా చేరాక తుప్పుకు నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. ఎప్పుడూ నీటిలో మునిగే ఉన్న కాంక్రీటులోకి ఆక్సిజన్ వెళ్లడం కష్టం. తడుస్తూ ఆరుతూ ఉండే చోటే రెండూ అందుతాయి. గుంట నడిమధ్య కంటే గుంట అంచుల దగ్గర పెచ్చులు ముందు లేస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది, ఆ ఒత్తిడికే పెచ్చు లేచేది. మంచు పడే ప్రాంతాల్లో దీనికి ఇంకోటి తోడవుతుంది, గడ్డకట్టిన నీరు 9 శాతం ఉబ్బి సందులను చీలుస్తుంది.

మందు బరువు జబ్బు కంటే ఎక్కువైతే

వాటం లేని డాబాకు ఇప్పుడు వాటం ఇవ్వాలంటే తేలిగ్గా తోచేది పైన సిమెంటు పొర వేయడం. 10 మి.మీ. మందం సిమెంటు మోర్టారు చదరపు మీటరుకు సుమారు 20 కిలోలు తూగుతుంది. 10 మీటర్ల పొడవు డాబాకు ఒకే చివర తూము, 1:80 వాటం, తూము దగ్గర కనీసం 25 మి.మీ. మందం. అవతలి చివర 150 మి.మీ. అవుతుంది, సగటు 87.5 మి.మీ. అంటే చదరపు మీటరుకు 175 కిలోలు, 100 చదరపు మీటర్లకు 17.5 టన్నులు. 200 కిలోల గుంటను తీసేయడానికి 17.5 టన్నులు శాశ్వతంగా నెత్తిన పెట్టుకోవడం! పాత స్లాబు మీద ఈ పని చేసేవాళ్లలో ఎంతమంది ఈ లెక్క వేస్తున్నారన్నది అనుమానమే. బరువు పెరిగితే స్లాబు మళ్లీ కొంత వంగుతుంది, ఆ వంపు కొత్తగా ఇచ్చిన వాటంలోంచే పోతుంది.

రెండో చివర కూడా తూము పెడితే లెక్క మారిపోతుంది. నీళ్లు నడవాల్సిన దూరం 5 మీటర్లు, ఎత్తు తేడా 62.5 మి.మీ., సగటు మందం 56 మి.మీ. బరువు 11 టన్నుల చిల్లరకు దిగింది. గుంట ఎక్కడుందో అక్కడే కొత్త తూము పెట్టగలిగితే అసలు పొరే అక్కర్లేకపోవచ్చు, అయితే స్లాబుకు కన్నం పెట్టేముందు కడ్డీలు ఎక్కడున్నాయో చూడాలి. ఇంకో దారి వాలుగా కోసిన థర్మాకోల్ లాంటి తేలికపాటి పలకలు. ఘనపు మీటరుకు 20 కిలోల పలకలతో, ఒకే చివర తూము ఉన్నప్పటి వాలునే (0 నుంచి 125 మి.మీ., సగటు మందం 62.5 మి.మీ.) చేస్తే చదరపు మీటరుకు కిలోంపావు మాత్రమే. పైన వేసే పొరలు కలిపినా మోర్టారు దరిదాపుల్లోకి రాదు, వేడి కూడా తగ్గుతుంది. కానీ వాటి మీద నేరుగా నడవలేం, పైపొర ఎక్కడైనా చిరిగితే నీళ్లు పలకల కింద ఎటు పాకాయో కనిపెట్టడం కష్టం. ఒకటి రెండు చిన్న గుంటలే ఉంటే వాటినే పూడ్చడం సరిపోతుంది. డాబా అంతా ముట్టుకోవాల్సిన పని లేదు.

కావాలనే నీళ్లు నిలిపేవాళ్ల మాట

ఇంతదాకా చదివాక వింతగా ఉండొచ్చు గానీ, వాటం లేకుండానే కట్టాలనే ఇంజినీర్లూ ఉన్నారు. బీఎస్ 6229 లోనే 0 నుంచి 1:80 మధ్య వాటాన్ని శూన్య వాటంగా గుర్తిస్తారు. దానికి పనికొస్తుందని ధ్రువీకరించిన వాటర్‌ప్రూఫింగ్ ఉండాలి, ఎక్కడా ఎదురువాలు ఉండకూడదన్నవి షరతులు. వేడిగా కరిగించి పోసే అతుకుల్లేని పొర వేసి, పైన ఇన్సులేషన్, దాని మీద మట్టి, మొక్కలు పెట్టే కప్పుల్లో ఇది మామూలే. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. పొర ఎండకు ఎదురుగా లేదు, అతుకుల్లేవు, నాణ్యత చూసుకుని వేశాం, అలాంటప్పుడు టన్నుల కొద్దీ మోర్టారు ఎందుకు మోయాలి? ఎదుటివాళ్ల జవాబూ తీసిపారేసేది కాదు. శూన్య వాటం అని గీసినది కట్టేసరికి కొన్ని చోట్ల ఎదురువాలవుతుంది, పైన మట్టీ మొక్కలూ వచ్చాక లోపం వెతకాలంటే అంతా తవ్వాలి.

ఇంకో అడుగు ముందుకేసేవి బ్లూ రూఫ్‌లు. పెద్ద వానకు నగరంలోని కప్పులన్నీ ఒకేసారి కాలువల్లోకి నీళ్లు వదిలితే వీధులు మునుగుతాయి. ఆ నీటిని కొన్ని గంటలు పైనే పట్టి ఉంచి, నోరు ఇరుకు చేసిన తూముల ద్వారా మెల్లగా వదలడం వీటి పని. ఇలాంటి ఆలోచనతోనే అమెరికాలోని కాన్సాస్ సిటీలో కెంపర్ అరీనా కప్పును కట్టారు. 1974లో తెరిచారు. 1979 జూన్ 4న గాలివానలో ఆ కప్పు పెద్ద భాగం కూలింది. ఆ సమయానికి లోపల కార్యక్రమమేదీ లేదు కాబట్టి ప్రాణాలు పోలేదు. పైన చేరిన నీరు ఒక కారణం, ఏళ్ల తరబడి గాలి ఊపుకు అలసిపోయిన బోల్టులు మరో కారణంగా దర్యాప్తుల్లో తేలింది.

ఈ తరహా కప్పులు ఇప్పుడూ కడుతున్నారు. ఎంత లోతు నీరు, ఎన్ని గంటలు, ఎన్ని కిలోలు అన్నది ముందే లెక్కగట్టి, అంతకు మించితే పోవడానికి పొంగు తూములు పెట్టి, దానికి తగ్గట్టు స్లాబును గట్టిగా కడతారు. 100 మి.మీ. నీరు పట్టాలంటే ఆ చదరపు మీటరుకు 100 కిలోలు మామూలు భారానికి అదనంగా డిజైన్‌లో ఉండాలి. అలాంటి లెక్క లేకుండా కట్టిన డాబా మీద తూములను కావాలని ఇరుకు చేసి నీళ్లు పట్టి ఉంచడం బ్లూ రూఫ్ కాదు. అది మూసుకుపోయిన తూముతో సమానం.